నిప్పు పుచ్చుకోని అగ్గి కావలి

మొన్న పొద్దున్న కలకత్తా సాల్ట్ లేక్‌లో బస్సు దిగి నేను వంట చేసే క్యాంటీన్‌కి నడుస్తున్నాను. రోడ్డు ఊడ్చే కుర్రాడొకడు ఎండుటాకులు కుప్ప పోసి, అగ్గిపుల్ల తీసి, మళ్లీ ఆగేడు. పార అందుకుని కుప్ప చుట్టూ నేల గీకేడు. గడ్డి పరకన్నది లేకుండా, మట్టి తేలేలాగ, గుండ్రంగా. అప్పుడు వెలిగించేడు. నేను సంచీ పట్టుకుని అక్కడే నిలబడిపోయేను. ఎవరు నేర్పేరు బాబూ అని హిందీలో అడిగితే, "ఎవరూ నేర్పలేదు దీదీ, గడ్డికి అంటుకుంటే సూపర్‌వైజరు తిడతాడు" అన్నాడు. అంతే సంగతి. అందులో ఏమీ లేదు. అయినా ఆవేళ నేను ఇడ్లీ పిండిలో ఉప్పు వెయ్యడం మర్చిపోయేను. హైదరాబాదు నుంచి వచ్చిన కంప్యూటర్ పిల్లలు "ఆంటీ, ఏందివాళ సప్పగున్నయ్" అని మొహాలు పెట్టేరు. చట్నీ ఉంది కదా, నంజుకుని తినండి అన్నాను. నా కసుర్లు వాళ్లకి అలవాటే.

నాకు గుర్తొచ్చినాయన పేరు రాయను. రాసినా ఎవరూ ఎరగరు. మా లైనులో ఆయన్ని పేరుపెట్టి పిలిచినవాళ్లే లేరు. అందరికీ ఆయన కావలాయన. నాకు మాత్రం పెద్దయ్య.

లైనంటే కార్పొరేషన్ వాళ్లు ఊడ్పుపని వాళ్లకి కట్టించిన గదుల వరస. మా నాన్నదీ ఆ పనే. మా తాతలనాడు శ్రీకాకుళం నుంచి వచ్చి పడ్డాం. ఇటుపక్క మురుక్కాలవ, అటుపక్క పిచ్చిగడ్డి, మధ్యలో మేము. ఎర్రజెండా ప్రభుత్వం వచ్చిన కొత్తలో కాబోలు ఆయన మా లైనుకి చేరేడు. ఎవరైనా సెలవు పెడితే వాళ్ల బదులు ఊడ్చేవాడు, తర్వాత పని ఖాయమైంది. చివరి గది ఇచ్చేరు. పొడుగ్గా, ఎండిన కర్రలాగ ఉండేవాడు. చెవులు కొంచెం పెద్దవి. మాట్లాడే ముందు ఎప్పుడూ ఓసారి గాలి పీల్చి చూసుకునేవాడు, ఏదో మాడుతున్నట్టు.

అప్పట్లో మాకు గ్యాసు ఎక్కడిది. రేకు బకెట్టు లోపల మట్టి మెత్తి చేసిన బొగ్గు పొయ్యి ప్రతి గుమ్మం ముందూ ఉండేది. పొద్దున్నే ఎవరో ఒకరు పిడకలు పేర్చి, కిరసనాయిలు పోసి ముట్టించేవారు. అది రాజుకున్నాక మిగతావాళ్లు పట్టకారు పట్టుకెళ్లి రెండు నిప్పులు తెచ్చుకునేవారు. నిప్పుతోపాటు నిన్నటి కబుర్లు కూడా వచ్చేవి. ఎవరి కోడలు ఎవరితో పోట్లాడింది, రేషన్‌లో చక్కెర వచ్చిందా రాలేదా, అన్నీ అక్కడే. లైనంతటికీ ఒకే నిప్పు.

పెద్దయ్య ఒక్కడూ ఏ పొయ్యి దగ్గరకీ వచ్చేవాడు కాదు. అగ్గిపెట్టెని ప్లాస్టిక్ కాగితంలో చుట్టి పంచె ముడిలో దాచుకునేవాడు. వానాకాలం పుల్లలు చెమ్మెక్కి వెలక్కపోతే ఆ పూట అటుకులు నానేసుకునేవాడు. ఓసారి వరసగా ముసురు పట్టింది. మా అమ్మ చూసి చూసి పట్టకారుతో నిప్పులు పట్టుకుని ఆయన గుమ్మం ముందుకెళ్లింది.

"ఇదుగో అన్నా, పొయ్యిలో ఎయ్యి."

ఆయన రెండడుగులు వెనక్కి వేసేడు. "వొద్దు సెల్లీ. నాకు ఎలి ఉంది. తీరని ఎలి. మీ నిప్పు పుచ్చుకుంటే ఆ మాట మీకూ అంటుకుంటాది."

"ఏటి ఎలి? ఏ ఊర్లోదో, ఏ కాలానిదో. ఈ కలకత్తాలో ఎవుడొచ్చి సూత్తాడు?"

"నాను సూత్తాను కదమ్మా" అన్నాడు.

అమ్మ చేతిలో నిప్పులు నల్లబడిపోయేయి. తిరిగొచ్చి, ఆయన్ని కాదు, మా నాన్నని తిట్టింది. మగాళ్లందరికీ ఏదో ఒక పిచ్చి ఉంటాదని తేల్చింది.

ఆ వెలి సంగతి ఆయన ఒక్కసారి కూచోబెట్టి చెప్పలేదు. ముక్కలు ముక్కలుగా, ఏ బఠానీలో ఒలుస్తున్నప్పుడు, ఏ చీపురో కడుతున్నప్పుడు చెప్పేవాడు. నేను అతికించుకున్నాను.

వాళ్లది శ్రీకాకుళం కొండల కింద ఊరు. తాత, తండ్రి, తను, ముగ్గురిదీ అగ్గి కావలి పని. శివరాత్రి వెళ్లిన దగ్గర్నుంచి తొలకరి దాకా కొండ మీద మంచె కట్టుకుని కూచోవాలి. పొగ కనపడితే డప్పు కొట్టాలి. డప్పు వినపడితే కింద ఊళ్లన్నీ మంట ఆర్పడానికి పచ్చికొమ్మలు విరుచుకుని పరిగెత్తుకు రావాలి. తెల్లదొరల కాలంలో రానివాడి పశువుల్ని ఆ ఏడు కొండెక్కనిచ్చేవారు కాదట. కూలీ లేదు, కూడూ లేదు, ఊరికే పరిగెత్తడమే. మంటలు రాకముందే, చలికాలంలో, అడివికి అడ్డంగా బారుగా చెట్లూ గడ్డీ కొట్టేసి నేల గీకేసేవారు. దాన్ని ఆయన అగ్గి గీత అనేవాడు. మంట అక్కడిదాకా వచ్చి తినడానికేమీ దొరక్క ఆగిపోవాలి.

"ఒక దొరొచ్చి అడివిలో నిప్పన్నదే కనపడకూడదన్నాడంట. ఇంకో దొరొచ్చి, కాదు, సలికాలంలో మంచు తడుండగా కొంచెం కొంచెం ఆకు కాల్చండి, అప్పుడే ఎండల్లో పెద్ద మంట రాదు అన్నాడంట. మూడో దొర మళ్లీ వొద్దన్నాడు. మా తాత ముగ్గురికీ దండమెట్టీవోడు. దండానికేటి, పెడితే పోయిందేటి."

కొండ మీది మనుషులు మాత్రం ఏ దొరనీ అడక్కుండా పుష్యమాసంలో ఇప్పచెట్ల కింద ఆకు కాల్చుకునేవారు. పువ్వు రాలేవేళకి నేల శుభ్రంగా ఉండాలి, ఏరుకోవాలి. వానలకి కొత్తగడ్డి రావాలి. దొరలు పోయేరు గానీ ఖాకీ చొక్కాలు ఉండిపోయేయి, ఆకు కాలిస్తే కేసన్న మాటా ఉండిపోయింది.

ఓ ఏడు అడివి ఆఫీసరు ఊళ్లోకొచ్చి కూచున్నాడు. కొండ మీద కాల్చిందెవరో పేరు చెప్పండి, చెప్పకపోతే ఊరందరికీ అడివి మూసేస్తాం, కట్టెపుల్ల తేవడానికి లేదు, పశువు తోలడానికి లేదు అన్నాడు. కాల్చింది ఎవరో అందరికీ తెలుసు. పెద్దయ్య బావ, సొంత చెల్లెలి మొగుడు. ఆ చెల్లెల్ని తల్లి పోయాక ఈయనే ఎత్తుకు పెంచేడు, ఈయనే పెళ్లి చేసేడు. ఊళ్లో ఒక్కరూ నోరిప్పలేదు. ఈయన చెప్పేడు.

"ఒక్కడు నెల్లాళ్లు లోపలుండి వొచ్చెత్తాడు, ఊరు బతికిపోతాది అనుకున్నాను గుంటా" అనేవాడు నాతో. మా వైపు ఆడపిల్లని ముద్దుగా అలాగే పిలుస్తారు.

బావ వానలు ముదిరేకగానీ రాలేదు. వస్తూ వస్తూ దగ్గు పట్టుకొచ్చేడు. ఊరికి అడివి దక్కింది. ఆ దక్కిన ఊరే కూచుని ఈయన్ని వెలేసింది. నిప్పివ్వకూడదు, నీళ్లివ్వకూడదు. చెల్లీ బావా ఆ వెలి ఒప్పుకుని, ఈయన మొహం చూడలేక కలకత్తా వచ్చేసేరు. వాట్‌గంజ్‌లో మా వైపు వాళ్లు ఓడరేవు పనిలో బోల్డుమంది. అందులో కలిసిపోయేరు.

తర్వాతి మాట ఆయన ఎప్పుడు చెప్పినా ఇంకోవైపు చూస్తూనే చెప్పేవాడు. బావకి పట్టిన గతి చూసి కొండ మీద ఎవరూ ఆకు కాల్చలేదు. ఏళ్ల ఆకు మోకాలి లోతు పేరుకుంది. ఓ చైత్రంలో అంటుకుంది. ఎంత వెడల్పు గీత గీస్తే ఏం, మంట ఎగిరి దాటేసింది. ఈయన మంచె మీంచి డప్పు కొట్టేడు. చేతులు పుండ్లయ్యేదాకా కొట్టేడు. కింది నుంచి ఒక్కడు రాలేదు. వెలేసినవాడి డప్పు ఎవరు వింటారు.

"కొండంతా పోనాది గుంటా. బావే రైటు. ఆడు సిన్న మంటెట్టి పెద్ద మంటని ఆపీవోడు. నాను ఆణ్ణి ఆపీసినాను."

కాపలా కాయడానికి అడివి లేదు, పలకరించడానికి మనిషి లేడు. అలాగ కలకత్తా వచ్చేడు. ఊడ్పుపని కోసం కాదు, చెల్లెలి కోసం. బావకి ఆ ఒక్కమాట చెప్పాలి. చెల్లెలి పొయ్యిలోంచి రెండు నిప్పులు పుచ్చుకోవాలి. ఆవిడిస్తే వెలి తీరినట్టే, ఇంకెవరివ్వకపోయినా పరవాలేదు. ఈ మనిషికి ఇంకో కోరిక ఉన్నట్టు నేను ఏనాడూ వినలేదు.

ఆయనకి వంతు మైదాను పక్క రోడ్డులో పడింది. ఫాల్గుణంలో ఆ చెట్లు ఆకు రాలిస్తే చూడాలి, ఊడ్చిన చోటే మళ్లీ ఊడ్చాలి. అందరూ కుప్పేసి అంటించేసి ఇంటికి పోయేవారు. ఈయన బండిలో ఎత్తుకుని ఎక్కడో చెత్తగుంత దాకా తోసుకెళ్లేవాడు. సర్దార్, అంటే ఊడ్పు మేస్త్రీ, బెంగాలీ ఆయన, మంచివాడే, ఓపిక తక్కువ. "ఆరే జ్వాలియే దావ్ నా బాబా, అంటించి పడెయ్ అంటుంటే!" అని మొత్తుకునేవాడు. ఈయన తలూపేవాడు, బండి తోసుకుపోయేవాడు. మాఘం దాటేక ఆకుకి అగ్గి చూపించకూడదట. చలికాలంలో అయితే కాల్చేవాడు గానీ, చుట్టూ గీకి, చీపురు పట్టుకుని చివరి పొగ పోయేదాకా కాపలా కాసేవాడు. అంతసేపూ దానితోనే ఏదో మాట్లాడుకునేవాడు కూడాను.

మా లైను వెనక పిచ్చిగడ్డి ఉందన్నాను కదా. ఏటేటా పార తీసుకుని ఈ కొసనుంచి ఆ కొసకి దానికి ఓ గీత గీసేవాడు. నాన్నా వాళ్లూ నవ్వేవారు. "ఇక్కడేటి అడివుందని కావలాయనా?" అంటే, "ఇది కలకత్తా అని గడ్డికి తెలీదు కదా" అనేవాడు నవ్వకుండా. మేము ఆ గీత మీద తొక్కుడుబిళ్ల ఆడుకునేవాళ్లం. నున్నగా, భలే ఉండేది.

ఆదివారాలు తల దువ్వుకుని, ఉతికిన చొక్కా వేసుకుని వాట్‌గంజ్ వెళ్లేవాడు. మైదాను దాటి, ట్రాము పట్టాల వెంబడి నడిచే వెళ్లేవాడు. అక్కడ చెల్లెలి ఇంటి సందు మొగలో టీకొట్టు ఉండేది. ఆ బల్ల మీద కూచుని ఒక టీ తాగేవాడు. సందులోకి వెళ్లేవాడు కాదు. చెల్లి కొళాయికి వస్తే కనపడేది. ఆవిడ చూసేది, చూడనట్టు బిందె ఎత్తుకుని వెళ్లిపోయేది. సాయంత్రానికి వచ్చేవాడు. "ఎలాగుంది పెద్దయ్యా మీ చెల్లి?" అని నేనడిగితే, "ఒళ్లు సేసింది. మోకాళ్లు నొప్పి కావాల, బిందె ఈ పక్కకి మార్సింది" అని చెప్పేవాడు. కళ్లతో అంత చూసుకునేవాడు.

ఆ రోజుల్లో పార్టీ ఆఫీసులో తీరని గొడవంటూ లేదు. కొళాయి తగూ, మొగుడూపెళ్లాల తగూ, అన్నీ అక్కడికే. మా నాన్న పూనుకుని దీన్నీ అక్కడికి తీసుకెళ్లేడు. పార్టీ దాదా టీ తెప్పించి, వెలి అనేది పాతకాలపు అన్యాయమని, కష్టజీవులకి కులకట్టుబాట్లేమిటని చాలాసేపు చెప్పేడు. బాగానే చెప్పేడు పాపం. వాట్‌గంజ్‌కి ఇద్దరు కుర్రాళ్లని కూడా పంపేడు. ఆ చెల్లి వాళ్లకి ముంతలతో మంచినీళ్లిచ్చి, అంతా విని, "మా ఆయన్ని పట్టించినప్పుడు మీ పార్టీ ఎక్కడుంది బాబూ?" అందిట. వాళ్లు నీళ్లు తాగి వచ్చేసేరు.

నాకు సంబంధాలు చూస్తున్న ఏడు అది. బావకి బాగా జబ్బు చేసిందని కబురొచ్చింది. అమ్మ నన్ను పిలిచి, "ఆయనతోటి నువ్వెల్లు. ఆడపిల్ల గుమ్మంలో ఉంటే ఎవరూ తలుపెయ్యరు" అంది. నాకు భయంగానే ఉంది, అయినా ఇంట్లో కూచుని పెళ్లిమాటలు వినడం కంటే నయమని వెళ్లేను. దారంతా ఆయన పెదాలు కదులుతూనే ఉన్నాయి, చెప్పాల్సింది వల్లె వేసుకుంటున్నాడు.

ఒక్క గది. మంచం మీద బావ, గోడకి ఒరిగి కూచున్నాడు. ఎముకలు తప్ప మనిషి లేడు. గుమ్మం పక్కన బకెట్టు పొయ్యి ఎర్రగా మండుతోంది, మీద గంజి ఉడుకుతోంది. చెల్లి మమ్మల్ని చూసింది. లేచింది. గంజిగిన్నె దింపి పక్కన పెట్టింది. చెంబెడు నీళ్లు తీసుకుని పొయ్యిలో పోసేసింది. చర్రుమని బూడిద లేచింది, గుమ్మమంతా ఆవిరి కమ్ముకుంది. వెలేసినవాడు గుమ్మంలో ఉండగా ఇంట్లో నిప్పు ఉండకూడదట. ఆ సంగతి అప్పుడు నాకు తెలీదు. పొయ్యిని చంపేసిందనుకున్నాను.

ఆ ఆవిర్లోంచే పెద్దయ్య చెప్పేడు. "బావా, నువ్వే రైటు. కొండ కాలిపోనాది. నువ్వన్నట్టే అయ్యింది. ఆ మాట సెప్పడానికే వొచ్చేను."

బావ దగ్గేడు. మొహం గోడవైపు తిప్పుకున్నాడు. చెల్లి ఖాళీ చెంబు పట్టుకుని అలాగే నిలబడింది. మేము వచ్చేసేం.

మైదాను దగ్గరికొచ్చేక ఆయన ఆగేడు. "ఇన్నాడంటావా గుంటా?"

"విన్నాడు పెద్దయ్యా. దగ్గు మధ్యలో ఆగింది కదా, వినడానికే ఆపేడు."

దగ్గు ఆగిందో లేదో నాకేం తెలుసు. ఆయన మాత్రం దాన్ని పట్టుకుని ఇంటిదాకా నడిచేడు. ఆ సాయంత్రం మా అమ్మతో కూడా చెప్పుకున్నాడు, బావ ఇన్నాడమ్మా అని.

తర్వాత కొద్ది రోజులకే బావ పోయేడు. ఈయన వెళ్లి సందు మొగలో టీకొట్టు పక్కన నిలబడి, పాడె వెళ్తుంటే చూసి వచ్చేడు. ఆ తర్వాత వాట్‌గంజ్ వెళ్లడం మానేసేడు. ఆదివారాలు తల దువ్వుకునేవాడు, చొక్కా వేసుకునేవాడు, గుమ్మంలోనే కూచునేవాడు. ఎందుకు వెళ్లవంటే, "అది మొగుణ్ణి పోగొట్టుకుని ఉంది. నా మొకం సూపించి ఏటి సాధించాల" అనేవాడు. ఒంటరి మనుషుల్ని చాలామందిని చూసేను గానీ, ఆదివారం మధ్యాహ్నం అంత శుభ్రంగా తయారై ఎక్కడికీ వెళ్లని మనిషిని ఇంకెక్కడా చూడలేదు. వాట్‌గంజ్ నుంచి ఎవరొచ్చినా మాటల్లో మాటగా ఒకటే అడిగేవాడు, కొళాయి దగ్గర బిందె ఇంకా ఆ పక్కకే ఎత్తుతోందా అని.

నా పెళ్లయ్యి నేను టికియాపారా వెళ్లిపోయేక, ఓ ఫాల్గుణంలో పుట్టింటికి వచ్చినప్పుడు ఆయన పోయేడు. తెల్లారేక పొయ్యిలన్నీ ముట్టించుకున్నారు, చివరి గది ముందు పొయ్యి ఖాళీగానే ఉంది. అమ్మ వెళ్లి చూసింది. పడుకున్నట్టే ఉన్నాడు. అగ్గిపెట్టె ముడిలోనే ఉంది.

నాన్న వాట్‌గంజ్ పరిగెత్తేడు. కుండలో నిప్పు పట్టుకుని ముందు నడవాల్సింది మేనల్లుడు, ఆ చెల్లెలి కొడుకు, వాళ్లు రాకపోతే ఎలాగని లైనంతా గుసగుసలు. మా నాన్న తనే పట్టుకుంటానని వెళ్లేముందే అన్నాడట, పెద్దలు వద్దన్నారు. ఎండెక్కుతోంది. శవాన్ని గుమ్మం బయట పడుకోబెట్టి అందరం చూస్తున్నాం.

మేనల్లుడు నాన్నతో ముందే వచ్చేసేడు, ఓడరేవు పని బట్టల్లోనే. "అమ్మేది?" అంటే, "నడిచొస్తోంది. ట్రాము ఎక్కనివ్వలేదు" అన్నాడు. ఎందుకెక్కనివ్వలేదో మాకు అర్థం కాలేదు.

చాలాసేపటికి వచ్చింది. మైదానంతా ఆ మోకాళ్లతో నడిచి వచ్చింది. చేతుల్లో మట్టిపిడత, చీరకొంగు చుట్టి పట్టుకుంది. మధ్యమధ్య ఆగి ఊదుకుంటూ వచ్చిందట. పిడతలో నిప్పులు. నిప్పు పట్టుకుని ట్రాము ఎక్కుతానంటే కండక్టరు దించేసేడు మరి.

ఆవిడ ఏడవలేదు. అన్న మొహం వైపు ఓసారి చూసి, పక్కగా వెళ్లి, ఆయన పొయ్యి ముందు కూలబడింది. పిడకలు విరిచి పేర్చింది. ఎవరో అగ్గిపెట్టె ఇవ్వబోతే చెయ్యి అడ్డం పెట్టింది. పిడతలో నిప్పులు ఒక్కొక్కటీ తీసి లోపల పెడుతోంది.

లైనులో పెద్దామె ఒకావిడ ఉండబట్టలేక, "శవం ఉన్న ఇంట్లో పొయ్యి ముట్టించకూడదమ్మా, తప్పు" అంది.

"ఎరుగుదునమ్మా" అంది చెల్లి. "మనిషున్నప్పుడు ముట్టించనేదు కదా. మా ఆయన పోయేక ఇచ్చెద్దునా అనుకున్నాను. రేపెల్తాను, ఎల్లుండెల్తాను అనుకున్నాను. అన్న వొత్తాడేమో, టీకొట్టు కాడ కూకుంటాడేమోనని బిందట్టుకుని సూసీదాన్ని. రానేదు."

మా అమ్మ వెళ్లి తాటాకు విసనకర్ర తెచ్చి ఆవిడ చేతికిచ్చింది. ఆవిడ విసిరింది. ముందు పొగ లేచింది, తర్వాత పిడక అంచు ఎర్రబడింది, తర్వాత మంట వచ్చింది. మేనల్లుడు కుండ పట్టుకుని ఆ పొయ్యిలోని నిప్పుకోసం పక్కన నిలబడ్డాడు. ఆవిడ వాణ్ణి ఆగమంది. పట్టకారుతో రెండు నిప్పులు తీసి, లేవలేక మోకాళ్ల మీదే పాక్కుంటూ వెళ్లి, ఆయన తల దగ్గర నేల మీద పెట్టింది.

"పుచ్చుకో అన్నా" అంది. "నా పొయ్యిలోదే."